97 వస్తే థైరాయిడేనా?

మా ఇంట్లో థర్మామీటర్లు రెండున్నాయి. ఒకటి పాదరసంది, మా పాప పుట్టినప్పుడు కొన్నాం. రెండోది డిజిటల్, కరోనా రోజుల్లో ఊరంతా కొంటుంటే మేమూ కొన్నాం. రెండూ ఏనాడూ ఒకే మాట చెప్పిన పాపాన పోలేదు. ఒకే చంకలో ఒకదాని తర్వాత ఒకటి పెట్టినా అర డిగ్రీ తేడా. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని కాబట్టి నాకు ఆ తేడా కొత్త కాదు. ఏ కొలత అయినా కొంచెం అటూ ఇటూ పోతుందని పిల్లలకు చెప్పే నోరే ఇది.

ఈ మధ్య మా స్టాఫ్‌రూమ్‌లో ఈ థర్మామీటర్ గొడవ మొదలైంది. మా తెలుగు మేడం ఫోన్లో ఏదో వీడియో చూసింది. పొద్దున కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే, చంకలో థర్మామీటర్ పెట్టుకుని చూడాలంట. 97.8 కన్నా తక్కువ వస్తే థైరాయిడ్ మందగించినట్టేనంట. రక్త పరీక్షలో అంతా బాగుందని వచ్చినా నమ్మకూడదంట. ఆమెకు 97 వచ్చింది. "ఊరికే చలిగా ఉంటోందక్కా, ఒళ్ళు కూడా వస్తోంది. నీకుంది కదా థైరాయిడ్, నీకెంత వస్తుంది?" అని అడిగింది.

నాకూ 97 వస్తుంది. మందు మొదలుపెట్టకముందూ అటూ ఇటూగా అంతే, ఇప్పుడు అన్నీ సర్దుకున్నాకా అంతే. ఆ మాట చెబితే ఆమెకు భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది. బెల్ కొట్టేలోపు స్టాఫ్‌రూమ్‌లో తేలే విషయం కాదిది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మా అనంతపురంలో చలి అంటే సంక్రాంతికి ముందూ వెనకా కొన్ని వారాలు. మిగతా ఏడాదంతా ఎండ, గాలి, దుమ్ము. అలాంటి ఊళ్ళో నేను ఫిబ్రవరి దాటినా స్వెట్టర్ తీయలేదు. రాత్రి మా ఆయన ఫ్యాన్ వేస్తే నేను లేచి ఆపేదాన్ని, ఆయన మళ్ళీ వేసేవాడు. తలకు గుడ్డ చుట్టుకుని వంటింట్లోకి పోతుంటే మా అత్త, "ఏమ్మా, బాలింతవా ఏమన్నా, చెవులు మూసుకుని తిరుగుతుండావు?" అనేది. స్కూలుకు పోయే బస్సులో నిలబడటానికి కూడా చోటుండదు. చుట్టూ అందరూ చెమటతో తడిసి ముద్దయ్యేవాళ్ళు, నా జాకెట్ మాత్రం పొడిగా ఉండేది. అదేదో అదృష్టం అనుకుని మురిసిపోయేదాన్ని కూడా. పొద్దున ముఖం ఉబ్బి ఉండేది. గొంతు బొంగురుపోయింది. రోజంతా పాఠాలు చెప్పే గొంతు కదా, అరిగిపోయి ఉంటుందిలే అన్నారు అందరూ. మలబద్ధకం సంగతి రాయాలంటే మొహమాటంగా ఉంది కానీ, అదీ ఉంది.

డాక్టర్ దగ్గర నాకు బాగా గుర్తుండిపోయింది రక్త పరీక్ష కాదు, అంతకుముందు ఆయన చేసిన పని. ఒక కుర్చీ లాగి, దాని మీద మోకాళ్ళు ఆనించి, కుర్చీ వీపును పట్టుకుని ఉండమన్నాడు. పాదాలు రెండూ కుర్చీ అంచు అవతల గాల్లో వేలాడుతున్నాయి. మడమ పైన తాడులా ఉండే లావుపాటి స్నాయువు మీద రబ్బరు సుత్తితో చిన్నగా కొట్టాడు. పాదం టక్కున కదిలింది. కదలడం అందరికీ కదులుతుంది. తిరిగి కిందికి రావడానికే నా పాదం తొందరపడలేదు, నిదానంగా, బద్ధకంగా దిగింది. "చూశారా?" అన్నాడు. నాకు కనబడలేదు, వెనక్కి తిరిగి ఉన్నాను కదా. మా ఆయన చూశాడు. థైరాయిడ్ హార్మోను తగ్గినప్పుడు కండరం బిగుసుకున్నాక మళ్ళీ సడలడానికి ఎక్కువ సేపు పడుతుందని, ల్యాబులు ఇంతగా లేని రోజుల్లో డాక్టర్లు దీన్ని బాగా నమ్ముకునేవాళ్ళని ఆయన చెప్పాడు. థర్మామీటర్ మాత్రం ముట్టుకోలేదు.

రిపోర్టులో టీఎస్‌హెచ్ 38 వచ్చింది. సాధారణంగా 0.4 నుంచి 4 దాకా ఉండాల్సింది, ల్యాబును బట్టి కొంచెం మారుతుంది. థైరాయిడ్ తయారుచేసే హార్మోను టీ4 బాగా తక్కువ. టీపీఓ యాంటీబాడీలు ఎక్కువ. అంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి థైరాయిడ్ గ్రంథిని కొద్దికొద్దిగా తినేస్తోందన్నమాట. దీన్ని 1912లో మొదట రాసిపెట్టింది హషిమోటో అనే జపాన్ డాక్టర్, అందుకే జబ్బుకు ఆయన పేరే ఉంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ను పని చేయమని పంపే తాఖీదు అది. థైరాయిడ్ పలకకపోయేకొద్దీ పిట్యూటరీ ఇంకా ఇంకా పంపుతుంది. అందుకే థైరాయిడ్ తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఈ తలకిందుల లెక్క అర్థంకాక "నాకు థైరాయిడ్ ఎక్కువుంది" అని చెప్పుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, తీరా చూస్తే వాళ్ళకు ఉన్నది తక్కువ.

ఇక చలి సంగతి. థైరాయిడ్ నుంచి వచ్చే టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అవయవాల్లోకి వెళ్ళాక ఒకటి ఊడి టీ3 అవుతుంది. అసలు పనిమంతురాలు ఈ టీ3. ఇది కణాల కేంద్రకంలోకి పోయి, ఎంత శక్తి ఖర్చు కావాలో అక్కడ తేలుస్తుంది. ఊరికే పడుకుని ఉన్నా మన కణాలు సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడుతూనే ఉంటాయి. ఆ పనిలో వేడి పుడుతుంది. హార్మోను తగ్గితే ఆ తోడటం నెమ్మదిస్తుంది, వేడి తగ్గుతుంది. థైరాయిడ్ పూర్తిగా ఆగిపోతే విశ్రాంతిలో ఒళ్ళు ఖర్చు చేసే శక్తి 40 శాతం దాకా పడిపోతుందని ఫిజియాలజీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. థైరాయిడ్‌కూ ఒళ్ళు పీల్చుకునే ఆక్సిజన్‌కూ లంకె ఉందని 1895లోనే మాగ్నస్ లెవీ అనే జర్మన్ డాక్టర్ కొలిచి చూపించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, పొద్దున్నే పరగడుపున మనిషిని పడుకోబెట్టి ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నారో కొలిచి థైరాయిడ్ జబ్బు తేల్చేవాళ్ళు.

వేడి అంత తగ్గితే థర్మామీటర్ పడిపోవాలి కదా అని మీరడగొచ్చు. మా తెలుగు మేడం అడిగింది. ఎందుకు పడదంటే, ఒళ్ళు పడనివ్వదు. కరువు ఏడాదిలో మా పల్లెల్లో సంసారాలు ఎలా ఈదుతాయో చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పండగ బట్టలు మానేస్తారు, ఊరి ప్రయాణాలు మానేస్తారు, పొయ్యి మీదికి సంగటి మాత్రం ఎలాగోలా తెస్తారు. ఒళ్ళూ అంతే. చర్మం కింది రక్తనాళాలను ముడిచేస్తుంది, చేతులకూ పాదాలకూ రక్తం తగ్గిస్తుంది, చెమట ఆపేస్తుంది. గుండె, మెదడు, కాలేయం ఉన్న లోపలి భాగాన్ని మాత్రం వెచ్చగా కాపాడుకుంటుంది. చలి అనిపించేది చర్మానికి. థర్మామీటర్ చూసేది లోపలి వేడిని, లేదా దానికి దగ్గరగా ఉన్నదాన్ని. నాకు వేసింది ఉత్తుత్తి చలి కాదు, నిజమైన చలే. ఆ చలికి థర్మామీటర్ సాక్ష్యం చెప్పలేదు, అంతే.

ఇంకో తిరకాసు 98.6 అనే అంకెతోనే ఉంది. 1868లో వుండర్లిష్ అనే జర్మన్ డాక్టర్ లైప్‌జిగ్‌లో దాదాపు 25,000 మంది రోగుల చంకల్లో కొలిచి, మనిషి వేడి సగటున 37 డిగ్రీల సెల్సియస్ అన్నాడు. 37 అంటే దగ్గరి అంకెకు సవరించింది. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చింది. ఆ దశాంశ బిందువు చూసి అందరూ అదేదో బంగారం తూచినంత కచ్చితమైన లెక్క అనుకున్నారు. నా క్లాసులో ఎవరైనా ఇలా రాస్తే అర మార్కు కోస్తాను. 1992లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరోగ్యంగా ఉన్న 148 మందికి నోట్లో పెట్టి చూస్తే సగటు 98.2 తేలింది. పైగా వేడి రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. ఆడవాళ్ళకు నెలలో అండం విడుదలయ్యాక అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా పెరుగుతుంది. నోట్లో కన్నా చంకలో తక్కువ చూపిస్తుంది. తెల్లవారుజామున, మంచం మీదే, చంకలో పెట్టి కొలిస్తే 97 రాక ఇంకేం వస్తుంది?

సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో అందరికీ పెట్టి చూశాను. అత్తకు 96.6, మా ఆయనకు 97.2, పాపకు 97.6, నాకు 97. థైరాయిడ్ ఉన్నది నాకొక్కదానికే. అత్తకూ ఆయనకూ ఆ మధ్య పరీక్షలు చేయిస్తే టీఎస్‌హెచ్ నిక్షేపంగా ఉంది. ఆ వీడియో లెక్కన మా ఇంటిల్లిపాదీ మందు మింగాలి. మంచం దిగకుండా కదలకుండా ఉండమన్నందుకు మా అత్త నన్ను ఏమందో ఇక్కడ రాయను.

ఎండాకాలంలో ఈ ప్రయోగం చేసి ఉంటే ఇంకో తమాషా. మాది పై అంతస్తు, స్లాబు ఇల్లు. మే నెల మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలు మామూలే, అంటే ఫారన్‌హీట్‌లో 100.4. పాదరసం థర్మామీటర్‌లో బల్బు పైన సన్నటి నొక్కు ఉంటుంది. ఎక్కిన పాదరసాన్ని అది తనంతట తాను దిగనివ్వదు, విదిలించి దించాలి. గదే 100 దాటి ఉంటే ఎంత విదిలించినా గది వేడి కన్నా కిందికి దిగదు. దాన్ని అలాగే చంకలో పెడితే చచ్చినా 100 చూపిస్తుంది. జ్వరం వచ్చిందని హడావుడి. కుండలోని చల్లటి నీళ్ళలో కాసేపు ముంచి, విదిలించి, అప్పుడు పెట్టుకోవాలి. పాఠ్యపుస్తకంలో ఈ ముక్క ఉండదు. అనంతపురం పిల్లలకు ఉండాలి.

చంక వేడి చూసి థైరాయిడ్ తేల్చే పద్ధతి ఈనాటిది కాదు. బ్రోడా బార్న్స్ అనే అమెరికన్ డాక్టర్ 1942లోనే దీన్ని రాశాడు. అప్పటికి టీఎస్‌హెచ్‌ను రక్తంలో కొలిచే దారి లేదు, కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. ఉన్నదాంతో ఏదో ప్రయత్నించాడు. కానీ 1990 ప్రాంతంలో ఇంకో అమెరికన్ డాక్టర్, విల్సన్ అనే ఆయన, రక్త పరీక్షలు మామూలుగా ఉన్నా వేడి తక్కువుంటే అదొక జబ్బు అని దానికి తన పేరే పెట్టి, టీ3 మాత్రలు ఇవ్వాలన్నాడు. దీనికి ఆధారాల్లేవని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ స్పష్టంగా చెప్పింది. అవసరం లేకుండా ఆ హార్మోను ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. మనవాళ్ళ వీడియోల్లో ఇప్పుడు తిరుగుతున్నది ఈ పాత సరుకే, పైన తెలుగు కవరు తొడిగారు.

"ఒళ్ళొస్తోంది" అన్న దానికి కూడా ఒక మాట. థైరాయిడ్ తగ్గితే బరువు పెరుగుతుంది, అబద్ధం కాదు. కానీ ఎక్కువమందికి అది రెండు నుంచి నాలుగు కిలోలు, అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. నాకు మందు పడ్డాక ముఖం ఉబ్బు దిగి రెండు కిలోలు తగ్గాను. మిగతా బరువుకు థైరాయిడ్‌ను అనడానికి లేదు. ఆదివారం ఉగ్గాని బజ్జీని అనాలి.

మాత్ర పేరు లీవోథైరాక్సిన్. నాకు రోజుకు 100 మైక్రోగ్రాములు. ఏడాదంతా మింగినది కలిపినా 36.5 మిల్లీగ్రాములు, గ్రాములో ఇరవయ్యో వంతు కూడా కాదు. అంత చిన్న మోతాదు కాబట్టే దాంతో పాటు కడుపులోకి ఇంకేం పోతోందన్నది పెద్ద విషయం అయిపోతుంది. పొద్దున పరగడుపున ఒట్టి నీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీ కూడా తర్వాతే. మా ఇళ్ళలో కష్టమంతా ఇక్కడే, కాఫీ పడందే కళ్ళు తెరుచుకోవు. నేను ఐదింటికి నీళ్ళు పట్టడానికి లేచినప్పుడే మాత్ర వేసుకుంటాను, మోటార్ ఆపి, ముగ్గేసి వచ్చేసరికి గంట గడుస్తుంది. రాగిజావ అయితే ఇంకా ఆగుతాను, రాగుల్లో కాల్షియం ఎక్కువ. కాల్షియం మాత్రలకూ ఐరన్ మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. మా స్కూల్లో ఉర్దూ మేడంకు కూడా ఇదే మాత్ర. రంజాన్ నెలలో డాక్టర్‌ని అడిగి రాత్రి పడుకునే ముందుకు మార్చుకుంది, తిన్న మూడు గంటల తర్వాత. బాగానే పనిచేస్తోంది.

సీసా మీద 25 డిగ్రీలకు మించని చోట, తేమ తగలకుండా ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో అనంతపురంలో 25 డిగ్రీల చోటు చూపించినవాళ్ళకు నమస్కారం పెడతాను. కూలర్ పక్కన పెడదామంటే తేమ. అందుకే ఎండాకాలంలో పెద్ద సీసా కొనను, నెలకు సరిపడా తెచ్చుకుని పడకగది బీరువాలో కింది అరలో పెడతాను. పొయ్యి పైన అరలో, కిటికీలో మాత్రం ఎవరూ పెట్టొద్దు.

మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి పది రోజులకే ల్యాబుకు పరిగెత్తితే వచ్చే అంకెకు అర్థం లేదు. పరీక్ష రోజు మాత్ర రక్తం ఇచ్చాకే. జుట్టు కోసం బయోటిన్ మింగుతుంటే ల్యాబులో చెప్పండి, కొన్ని రకాల పరీక్షల్లో అది అంకెలను తారుమారు చేస్తుంది.

ఇంతా చేశాక, టీఎస్‌హెచ్ 2.6కు వచ్చాక కూడా నాకు పాదాలు చల్లగానే ఉండేవి. మోతాదు పెంచమని నేనే అడిగాను. డాక్టర్ పెంచలేదు, హిమోగ్లోబిన్ చూపించమన్నాడు. 9.4 ఉంది. ఆడవాళ్ళకు 12 ఉండాలి. ఐరన్ మొదలుపెట్టాక, కొన్ని నెలలకు రాత్రి ఫ్యాన్ తగాదా తీరింది. ఐరన్ తక్కువైనా చలేస్తుంది. అన్నం తగ్గించి పస్తులుండేవాళ్ళకూ వేస్తుంది. తెలుగు మేడంకు నేను చెప్పింది కూడా అదే, టీఎస్‌హెచ్‌తో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకో అని. ఆమెకు టీఎస్‌హెచ్ 3 లోపే వచ్చింది, హిమోగ్లోబిన్ 10. వీడియోకు ఆమె వేసిన లైకు ఇంకా అలాగే ఉంది.

తిండి గురించి నన్నడిగినంతగా ఇంకెవరినీ అడిగి ఉండరు. క్యాబేజీ థైరాయిడ్‌కు పడదంటారు గానీ, వండుకుని తినొచ్చు. సజ్జల్లో థైరాయిడ్ పనికి అడ్డుపడే పదార్థాలు ఉన్నమాట నిజమే, సూడాన్‌లో అయోడిన్ తక్కువగా దొరికే చోట సజ్జలే ముఖ్యమైన తిండిగా ఉన్నవాళ్ళలో థైరాయిడ్ ఉబ్బి వచ్చే గొంతువాపు చూశారు. వారానికోసారి సజ్జరొట్టె తింటే ఏమీ కాదు. ఉప్పు విషయంలో మాత్రం ఫ్యాషన్‌కు పోవద్దు. మనం కొనే అయోడైజ్డ్ ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. రంగురంగుల రాతి ఉప్పుల మీద ఆ భరోసా లేదు. అలాగని నాలాంటి హషిమోటో వాళ్ళు అయోడిన్ చుక్కలు కొని తాగితే మేలు జరగదు, ఒక్కోసారి చెడుతుంది.

ఒళ్ళు వేడి పడిపోవడం నిజంగా ప్రమాదమైన చోటు ఒకటుంది. ఉరవకొండలో మా పెద్దమ్మ, ఏళ్ళ తరబడి మాత్ర వేసుకుని, "బాగయింది కదా, ఇంకెందుకు" అని మానేసి ఏదో చూర్ణం మొదలుపెట్టింది. కొన్ని నెలల తర్వాత, డిసెంబర్‌లో దగ్గు పట్టుకుంది. రెండు మూడు రోజుల్లో మనిషి మత్తుగా అయిపోయింది, పిలిస్తే నిదానంగా పలికేది, మాట ముద్దగా ఉండేది. ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా తగిలింది. థర్మామీటర్ పెడితే పాదరసం ఎక్కనే లేదు. మనింట్లో వాడేవి 94 దగ్గరే మొదలవుతాయి, అంతకన్నా దిగువన ఏముందో వాటికి తెలియదు. చెడిపోయిందనుకుని పక్కింటిది తెచ్చారు, అదీ అంతే. ఆసుపత్రిలో చేర్చాక హార్మోను సూది వేశారు, దుప్పట్లు కప్పి నిదానంగా వెచ్చబరిచారు. మా అన్న వేడినీళ్ళ సీసాలు పెట్టబోతే నర్సమ్మ వద్దని ఆపింది. అలా పైనుంచి గబగబా వేడి చేస్తే చర్మంలో రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని బీపీ పడిపోతుందట. పెద్దవాళ్ళలో, అందులోనూ మాత్ర మానేసినవాళ్ళలో, ఇలా మత్తూ చల్లదనమూ కలిసి కనిపిస్తే రెండో థర్మామీటర్ కోసం పక్కింటికి పోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. పెద్దమ్మ కోలుకుంది. ఇప్పుడు మా వదిన పొద్దున్నే ఎదురుగా నిలబడి మాత్ర మింగించి, నోరు తెరిపించి చూసి గానీ కాఫీ ఇవ్వడం లేదు.